కంచె ఆగిన రోజులు

2 డిసెంబరు 2023, శనివారం

నిహారిక తెచ్చిన పెట్టె మా పోపుల డబ్బా కంటె చిన్నది. దాని లోపలి చిప్పు చిటికెన వేలి గోరంత. ఆ గోరంత జాగాలో తాను మూడేండ్లుగా కాపురం ఉంటున్నానని నా మనవరాలు అన్నది. పెండ్లి కాని పిల్ల కాపురం అనే మాటను అట్లా వాడరాదని చెప్పాను.

"సరే తాతా, కిరాయికి ఉంటున్న అనుకో."

సంగతి ఇది. మెదడు ఎల్లప్పుడూ విద్యుత్తును పుట్టిస్తూ ఉంటుంది. పుర్రెనూ చర్మాన్నీ దాటి బయటికి వచ్చేసరికి అది వోల్టును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఏ ముప్పయ్యో నలభయ్యో మాత్రమే. దానిని పట్టుకుని, పెంచి, గీతగా చూపే చిప్పును గీయడం నిహారిక పరిశోధన. పెంచడం కష్టం కాదట. పెంచేటప్పుడు చిప్పు తన సొంత చప్పుడును అందులో కలపకుండా చూడడమే కష్టమట. ఆమె దానిని నాయిస్ అంటుంది. నేను రొద అంటాను. రెండు రోజుల్లో ఆమె చేత కూడా రొద అనిపించగలనని నమ్మకం.

హైదరాబాదులో వాళ్ల ప్రయోగశాలలో ఇనుప గది ఉన్నది. అందులో చిప్పు బుద్ధిగానే ఉన్నది. కాని ఇది ఇనుప గదుల కోసం పుట్టినది కాదు. ఫిట్సు వచ్చే పిల్లవాణ్ణి ఈ అడవి అంచు తల్లులు హైదరాబాదు దాకా తీసుకుపోకుండా, దగ్గరి దవాఖానలోనే పరీక్ష జరగాలని ఆమె కోరిక. కనుక ఫ్యాన్లు, మిక్సీలు, బోరు మోటార్లు నడిచే మామూలు ఇంట్లో, ఏ జబ్బూ లేని మనిషి తలపై, రోజుకొక గంట చొప్పున మూడు వారాలు దీనిని చూడాలి.

"ఏ జబ్బూ లేని తలకాయ కావాలె తాతా. మన ఖాందాన్‌ల నీదొక్కటే ఉన్నది."

"మరి బీపీ?" అని వంటింట్లోంచి అండాలు.

"బీపీ గుండెది అమ్మమ్మా. తలకాయ బేఫికర్."

డెబ్బై ఒకటవ ఏట ఇది తక్కువ మాట కాదు. ముప్పయ్యారేండ్ల బోధనలో ఏ పద్యం ఏ తరగతి వాచకంలో ఎన్నవ పాఠమో ఇప్పటికీ చెప్పగలను. అంగీకరించాను.

3 డిసెంబరు, ఆదివారం

ఊరంతా టీవీల ముందు కూర్చుని ఓట్ల లెక్కింపు చూస్తున్నది. మేము నా తల లోపలి లెక్కింపు చూశాము.

నూనె ఉండరాదన్నందున అండాలు కుంకుడు రసంతో తల రుద్దింది. "నలభై ఏండ్ల నూనె, ఒక్కనాడు పోతదా" అని గొణిగింది. తరువాత టోపీ. ఎనిమిది బిళ్లలు, బిళ్లకింత జిగురు. అద్దం చూపవద్దన్నాను. చూపారు.

ఎనిమిది గీతలు ఫోనులో కదలసాగాయి. కనురెప్ప వేస్తే కొండ లేచింది. పండ్లు బిగిస్తే ముండ్ల కంప. ఆమె కండ్లు మూసుకొమ్మన్నది. కొంతసేపటికి తెరవమని, అప్పుడేం జరిగిందో చూపింది. నేను కండ్లు మూసుకున్న మరుక్షణం నుంచి తల వెనుక గీతల్లో ఒద్దికైన అలలు, సెకనుకు తొమ్మిదో పదో, ఎవరో లోపల కూర్చుని తాళం వేస్తున్నట్టు. తెరవగానే మాయం. నేను ఏడుసార్లు మూసి తెరిచాను. ఏడుసార్లూ అంతే. ఇంత కాలం నాలో ఇది జరుగుతూ ఉంటే నాకు తెలియలేదు.

చిప్పు తన సొంత రొదను ఎట్లా విడదీసుకుంటుందని అడిగాను. ఆమె ఒక పోలిక చెప్పింది.

"తరాజు ఉన్నదనుకో తాతా. ఒక పళ్లెం జర బరువు. నీకు తెల్వదు. ఏం చేస్తవ్?"

"వస్తువునూ రాళ్లనూ అటిటు మార్చి మళ్ళీ తూస్తాను."

"గంతే. మారిస్తే వస్తువు బరువు మారదు. తరాజు తప్పు మాత్రం బయటవడ్తది. నా చిప్పు సెకనుకు ఇరవై వేల సార్లు పళ్లాలు మారుస్తది."

ఇంత స్పష్టమైన వివరణను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. 'బయటవడ్తది' అన్నదాన్ని మాత్రం సవరించాను.

పెట్టెలోది తొలి చిప్పు మాత్రమే; అసలుదాని కోసం ఆమె గీసిన పటం ఈ నెల ఇరవై ఎనిమిదిన కార్ఖానాకు వెళ్తుంది. ఆ తరువాత ఒక్క గీతను కూడా మార్చడానికి వీలుండదు.

4 డిసెంబరు, సోమవారం

ముసురు. నిహారిక పొద్దుటి బస్సుకు వెళ్లింది. ఇక రోజూ ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకు నేనే టోపీ పెట్టుకోవాలి. గీతలు ఫోను ద్వారా ఆమెకు చేరతాయి. ఆమె ఇచ్చిన పట్టికలో వేళలు రాస్తాను. ఇతరములు ఇక్కడ.

6 డిసెంబరు, బుధవారం

చిక్కు వచ్చింది. నిన్నటి గీతలన్నింటిలో సెకనుకొకటి చొప్పున సూదులు లేచాయట. పరిశోధన చేయించే వాళ్ల మేడం చూసి, ఇది చిప్పు సొంత రొదే కావచ్చు అన్నదట. మంగలంలో పేలాలు పేలినట్టు ఉండి ఉండి చిటపటమనే రొద ఒకటి ఉన్నదట. వాళ్ల శాస్త్రంలో దానికి పేలాల పేరే పెట్టారట. ఏ దేశం వారో గాని మంచి పేరు పెట్టారు.

"గదే అయితే ముందర భాగమంత విప్పి మళ్ళ గీయాలె తాతా. ఇరవై ఎనిమిది తప్పితే ఆరు నెలలు ఆగాలె." అన్నది నిహారిక ఫోనులో.

సాయంత్రం వరకు ఇంట్లో ఒక్కొక్క వస్తువునూ ఆపి చూశాను. ఫ్రిజ్, ఇన్వర్టరు, గడియారం. సూదులు తగ్గలేదు.

"నన్ను గూడ ఆపి చూడుండ్రి" అన్నది అండాలు.

7 డిసెంబరు, గురువారం

కనుగొన్నాను.

సెకనుకొకటి అనే క్రమం నన్ను నిద్రపోనివ్వలేదు. మనిషి చేసిన వస్తువే అంత క్రమంగా కొడుతుంది. అటక మీది పాత రేడియో దింపి, ఏ స్టేషనూ లేని చోట ముల్లు నిలిపాను. టక్. టక్. టక్. రేడియో పట్టుకుని నడిచాను. పడమటికి పోతే తగ్గింది. తూర్పుకు పోతే పెరిగింది. బీరన్న పల్లి చేను గట్టుకు చేరేసరికి సుత్తితో కొట్టినట్టు వినిపించింది.

బీరన్న నా పూర్వ విద్యార్థి. నలభై ఆరేండ్లుంటాయి. చేను చుట్టూ అడవిపందుల కోసం తీగలు కట్టి మొన్ననే జట్కా మిషన్ పెట్టాడు. సౌర పలకతో నడిచే ఆ డబ్బా తీగలోకి సెకనుకొక దెబ్బ వదులుతుంది. తాకిన పంది అదిరి పారిపోతుంది, చావదు.

"ఏంది సారూ, రేడియో వట్టుకొని చేన్ల తిరుగుతున్నరు? వార్తలు గిట్ల ఇంట్ల రాలేదా?"

"నీ కంచె నా తలలోకి వస్తున్నది బీరన్నా."

"పందులు రావద్దని పెట్టిన సారూ. మీ తలకాయ దాంక పోతదని ఎరుక లేకపాయె."

అరగంట ఆపించాను. ఇంటికి వచ్చి టోపీ పెట్టుకున్నాను. సూదులు లేవు. ఆన్ చేయించాను. ఉన్నాయి. తప్పు చిప్పుది కాదు, కంచెది.

8 డిసెంబరు, శుక్రవారం

"తాతా, మా ల్యాబ్‌ల అందరు నీ రేడియో సంగతే మాట్లాడుతున్నరు" అన్నది నిహారిక. మేడం కూడా మెచ్చుకున్నదట. ఊర్లలో ఇటువంటి కంచెలు పెరుగుతున్నాయి కనుక చిప్పులో కొత్తగా ఒక గడి పెడతారట. కంచె దెబ్బను పోల్చుకుని గీతలోంచి తుడిచివేయడమే దాని పని. నేను పంపే నమూనాలను చూసి ఆ గడికి తుడవడం నేర్పుతారు.

అంటే ఆ గోరంత జాగాలో నాకూ ఒక గది దొరికింది. అండాలుకు ఈ మాట రెండుసార్లు చెప్పాను. ఒకసారి చాలునన్నది.

11 డిసెంబరు, సోమవారం

టోపీతోనే రాస్తున్నాను. మామూలు పనులు చేసుకొమ్మని నిహారిక చెప్పింది. ఏడున్నర. వరండాలో ఎప్పటివలె దక్షిణానికి ముఖం చేసి కూర్చున్నాను. ఎడమవైపు, అంటే తూర్పున, బీరన్న చేను. కాయ ఊరిందట. మొన్నటి నుంచి నాకొక ఆలోచన. మనిషి తన గొంతును తాను విన్నప్పుడు అది

అండాలు పిలిచినట్టున్నది. చాయ్ చల్లారింది. ఏమి రాయబోయానో జారిపోయింది. వయసులో ఉన్నవాళ్లకు కూడా ఇది జరుగుతుంది.

12 డిసెంబరు, మంగళవారం

"తాతా, నిన్న పొద్దుగాల ఏడు ముప్పై రెండుకు ఏం చేస్తున్నవ్?"

"రాసుకుంటున్నాను."

"ఇరవై రెండు సెకండ్ల గుంపు ఒకటి వచ్చింది. సూదులు కావు. పెద్ద పెద్ద అలలు. అన్ని బిళ్లలల్ల గాదు, ఎడమ చెవి మీది రెండిట్లనే."

వివరించాను. బీరన్న చేను నాకు ఎడమ పక్కన ఉన్నది కనుక దెబ్బ ఎడమ బిళ్లలకే ముందు తగులుతుంది. తడి గడ్డి తీగకు ఆనుకుంటే దెబ్బ చెదిరి గుంపుగా వస్తుంది.

"మరి మూడు దినాల సంది సూదులు కనవడ్తలేవు గదా?"

"దెబ్బ గడ్డిలోంచి నేలలోకి దిగిపోతే సూదులెట్లా కనబడతాయి?"

"కంచె చాలూ ఉన్నదా గప్పుడు? బీరన్న మామను అడిగినవా?"

"అడిగేదేమున్నది? చాలూ ఉన్నది."

"పక్కానా తాతా?"

"నా మాట మీద నీకు అనుమానమా?"

"లేదు తాతా. ఐతే గీ గుంపును గూడ తుడిచే గడికి నమూనా ఇస్త."

వివరణ నాకే ఎంతో సమంజసంగా తోచింది. తరగతిలో కూడా ఇట్లాగే, ప్రశ్న పూర్తి కాకముందే జవాబు తట్టేది.

14 డిసెంబరు, గురువారం

చొక్కా మీద చాయ్ ఒలికింది. పేపరు చదువుతున్నానని, గ్లాసు సంగతి మరిచానని అండాలుకు చెప్పాను. నేను పెదవులు చప్పరిస్తూ గోడను చూస్తున్నానని ఆమె అన్నది. మూడుసార్లు పిలిచిందట. చప్పరించడం వక్కపలుకు వల్ల. నోట్లో వక్కపలుకు లేదని ఆమె అన్నది. వాదన పెంచలేదు.

16 డిసెంబరు, శనివారం

బీరన్న గంపెడు పచ్చి పల్లికాయ తెచ్చి ఇచ్చాడు. అండాలు ఉడకబెట్టింది. ముగ్గురం వరండాలో ఒలుచుకుని తిన్నాము.

"మల్ల మీ తలకాయలకు వస్తున్నదా సారూ, నా కంచె?"

"వస్తున్నది."

"నడుమల సెలవు దొరికిందిగా మీకు. మిషన్ ఖరాబైతే తొమ్మిది తారీఖు అచ్చంపేటల రిపేరుకిచ్చిన. మొన్న పద్నాలుగున తెచ్చుకున్న. గన్ని దినాలు నేను, మా ఇంటామె డబ్బాలు కొట్టుకుంట తిరిగినం. పందులే మమ్ముల జూసి నవ్వినయి."

అండాలు నవ్వింది. నేను కూడా నవ్వాను.

తొమ్మిది నుంచి పద్నాలుగు. పల్లికాయ కొంచెం ఉప్పగా ఉన్నది.

17 డిసెంబరు, ఆదివారం

రికార్డింగు చేయలేదు. పట్టికలో తలనొప్పి అని రాశాను. తలనొప్పి లేదు.

18 డిసెంబరు, సోమవారం

బీరన్నది కాకపోతే మరొకరి కంచె ఉండవచ్చును కదా. నిన్న సాయంత్రమే తట్టింది. ఇంత చిన్న సంగతికి రెండు రోజులు తల్లడిల్లడం హాస్యాస్పదం.

ఉదయమే రేడియోతో చేనుకు పోయి బీరన్న చేత మిషన్ ఆపించాను. ఇద్దరం ఊరి చుట్టూ గట్ల మీద తిరిగాము. ఎక్కడా టక్ మనలేదు. గాలి చప్పుడు వంటి బరబర తప్ప ఏమీ లేదు. చుట్టూ కిలోమీటరు దూరంలో మరొక కంచె లేదు.

వాగు దగ్గర మోదుగ చెట్టు కింద నిలబడినట్టు జ్ఞాపకం. తరువాత చూస్తే రేడియో బీరన్న చేతిలో ఉన్నది. ఆయన రెండవ చేయి నా మోచేతి కింద ఉన్నది.

"ఎంతసేపు?" అని అడిగాను. ఏమిటి ఎంతసేపు అని ఆయన అడగలేదు.

"ఎక్వసేపేం గాదు సారూ. చాయ్ ఊదుకునేంత."

"ఏదో ఆలోచిస్తున్నాను."

"నేను గూడ గట్లనే చెప్పేటోణ్ణి సారూ. ఆరో తరగతిల."

గట్టు మీద కూర్చున్నాము. ఆయన గడ్డిపోచ నములుతూ, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు.

"పద్యం అప్పజెప్పుకుంట నడుమ ఆగేటోణ్ణి, యాదికున్నదా? మీరు బెంచీ ఎక్కించి మొదటి సంది చెప్పు అనేటోళ్లు. మొదటి సంది చెప్తే మల్ల యాడనో ఒక్కాడ ఆగేది. పోరగాండ్లు నవ్వేటోళ్లు. మా అవ్వ పాలమూరు దవాఖానకు తీసుకపోతే గప్పుడు దెల్సింది. నాలుగేండ్లు గోళీలు మింగిన. పోయింది." తరువాత నా వైపు తిరిగాడు. "మరి ఇయాల ఎవలు బెంచీ ఎక్కాలె సారూ?"

నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండును.

యాదికున్నది. ప్రగతి పత్రంలో నేను ఎర్ర సిరాతో రాసిన మాట కూడా యాదికున్నది. "పరధ్యానము మెండు." అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా రాసి ఉంటాను.

19 డిసెంబరు, మంగళవారం

పదకొండవ తేదీ పుట తీశాను. "మనిషి తన గొంతును తాను విన్నప్పుడు అది." కర్త ఉన్నది, క్రియ లేదు. పదవ తరగతి పిల్లవాడు ఇట్లా రాసి ఇస్తే అయిదు మార్కులు కోసేవాణ్ణి. అండాలు పిలిచినట్టున్నదని దాని కిందనే రాశాను. ఆ ఉదయం పిలిచావా అని ఆమెను అడిగాను. ఏడున్నరకు ఆమె పాల కోసం బీరన్న వాళ్లింటికి పోయి ఉన్నది.

ఇంకా వెనుకకు తిరగవేశాను. అక్టోబరులో రెండుచోట్ల ఒకే వాక్యం రెండుసార్లు ఉన్నది. అప్పుడు దీపం సరిగా లేదనుకున్నాను.

అయినను ఒక అనుభవం నుంచి సిద్ధాంతం చేయరాదు. నిహారిక చెప్పిన తరాజు గుర్తుకు వచ్చింది. ఇన్నాళ్లూ నేను వస్తువును ఒకే పళ్లెంలో పెట్టి తూస్తున్నాను. ఒక పళ్లెంలో కంచె, ఒక పళ్లెంలో నేను. తప్పు ఎప్పుడూ కంచె వైపే మొగ్గుతున్నది.

మార్చి తూస్తాను. రేపటి నుంచి కుర్చీ ఉత్తరం వైపు తిప్పుతాను. అప్పుడు చేను నాకు కుడి పక్కన ఉంటుంది. బయటి నుంచి వచ్చేది అయితే అలలు కుడి బిళ్లలకు మారాలి. ఏడు నుంచి ఎనిమిది వరకు మిషన్ ఆపమని బీరన్నకు చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. నిహారికకు ఏమీ చెప్పలేదు. పరీక్షకుడు ముందే జవాబు చెప్పరాదు.

ఇంత భయంలోనూ ఈ ప్రయోగం కుదిరిన తీరు నాకు నచ్చింది. అది కూడా రాయడం న్యాయం.

20 డిసెంబరు, బుధవారం

ఏమీ రాలేదు. పాయసం చేయించుకుని తిన్నాను.

21 డిసెంబరు, గురువారం

మధ్యాహ్నం పన్నెండుకు నిహారిక ఫోను.

"పొద్దుగాల మల్ల వచ్చింది తాతా. ఏడు నలభై ఒకటికి. పద్దెనిమిది సెకండ్లు."

"ఏ వైపు?"

"గదే ఎడమ దిక్కు. అచ్చం గదే రూపం. ఫికర్ జేయకు, తుడిచే గడి మంచిగ నేర్చుకున్నది. పదకొండు తారీఖుది మొత్తం శుభ్రం జేసింది. ఇంక ఏడు దినాలల్ల పటం పోతది."

సాయంత్రం మళ్ళీ మాట్లాడతానని పెట్టేశాను.

కుర్చీ మారింది. కంచె ఆగింది. వస్తువు బరువు మారలేదు.

భోజనం చేయకుండా వరండాలో కూర్చున్నాను. నాకు ఏమైనదో అది అర్థమైనది. దానికి భయపడ్డాను. ఊరు ఏమనుకుంటుందో దానికి కూడా భయపడ్డాను. పదవీ విరమణ సభలో నా జ్ఞాపకశక్తికి శాలువా కప్పారు. కాని గంట సేపటికి వేరొక భయం వచ్చి ఆ రెండింటినీ పక్కకు నెట్టింది. శుభ్రం చేసింది అన్నది నిహారిక. నేను నేర్పిన పాఠమే అది. ఏ అలను పట్టుకోవడానికి ఆ చిప్పు పుట్టిందో, సరిగ్గా ఆ అలను తుడిచివేయడం నేను దానికి నేర్పాను. ఇరవై ఎనిమిది దాటితే అది సిలికానులో ముద్ర పడుతుంది. ఆరో తరగతి బీరన్న వంటి పిల్లవాడు ఏ ఊరి దవాఖానలోనో ఆ టోపీ పెట్టుకుంటాడు. పద్యం నడుమ ఆగుతాడు. గీత మాత్రం తిన్నగా, శుభ్రంగా ఉంటుంది. చూసినవారు పరధ్యానము మెండు అని రాస్తారు.

అయిదింటికి నేనే ఫోను చేశాను. అండాలును పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"నిహారికా, పదకొండున కంచె ఆగి ఉన్నది. తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు మిషన్ అచ్చంపేటలో ఉన్నది. నేను అడగకుండానే చాలూ ఉన్నదని చెప్పాను. పదహారున తెలిసింది. తెలిసిన తరువాత కూడా అయిదు రోజులు చెప్పలేదు. ఈ రోజు కూడా కంచె ఆపించాను. కుర్చీ కూడా తిప్పాను. ఎడమ వైపే వచ్చింది. రాసుకున్నావా?"

ఫోనులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"నేను చెప్పేది నీ చిప్పులో తప్పు లేదని. అది చూపినది నిజం."

"తాతా." అన్నది. "గీ అయిదు దినాలల్ల బండి నడిపినవా?"

"రెండుసార్లు. అచ్చంపేట దాకా."

"తాళంచెవి అమ్మమ్మకు ఇయ్యి. ఇప్పుడే."

అండాలు అప్పటికే మేకుకున్న తాళంచెవి తీసి కొంగున ముడి వేసుకున్నది. నా వైపు చూడలేదు. "మూడుసార్లు పిలిచిన" అని మాత్రం అన్నది.

"ముందు ఆ గడి సంగతి చెప్పు" అన్నాను.

"గుంపులను ముట్టదు తాతా. కంచె సూదులొక్కటే తుడుస్తది. ఇయాల్నే మారుస్త. నువ్వు మాత్రం రేపు పొద్దుగాల బస్సెక్కి రా. అమ్మమ్మతోని. బస్సుల కిటికీ కాడ కూసో, దర్వాజ కాడ నిలవడకు."

"కూర్చో" అన్నాను.

"కూర్చో తాతా" అన్నది. ఏడుస్తున్నది.

23 డిసెంబరు, శనివారం, హైదరాబాదు

నరాల వైద్యుని దగ్గర పెద్ద యంత్రం ఉన్నది. ఇరవై ఒక్క బిళ్లలు. నిహారిక తన గోరంత చిప్పు గీతను పక్కన పెట్టి చూపింది. వైద్యుడు రెండింటినీ చాలాసేపు చూసి, దీన్ని ఎక్కడ తీశారని అడిగాడు. మా వరండాలో అన్నాను. నమ్మనట్టు చూశాడు.

మూర్ఛలో ఇదొక రకమట. పడిపోవడం, నురుగు ఉండవు. కొద్ది సెకండ్లు మనిషి ఉన్నచోటనే లేకుండా పోతాడు. ఈ వయసులో కొత్తగా మొదలవడం అరుదు కాదట. రెండు పూటలా మాత్రలు. బండి నడపరాదు, బావి మీద ఒంటరిగా వంగరాదు, చెట్టెక్కరాదు. ఈ వయసులో చెట్టు ఎవరు ఎక్కుతారని అడిగాను. అండాలు నా చేయి గిల్లింది.

నేను ఎక్కడికి పోతాను ఆ ఇరవై రెండు సెకండ్లు? ఈ ప్రశ్న వైద్యుణ్ణి అడిగాను. మెదడులో ఒక మూల మిగిలిన మూలల మాట వినకుండా ఒకే మాటను గట్టిగా వల్లిస్తుందట. అప్పుడు జ్ఞాపకం రాసుకునే చోటుకు రాయడం కుదరదట. చక్కగా చెప్పాడు. ఆ మాట ఏమిటో తెలుసుకోవాలని ఉన్నది.

25 డిసెంబరు, సోమవారం

ఇంటికి వచ్చాము. మాత్ర వేసుకుంటే కొంచెం మత్తు. అండాలు గడియారం చూసి ఇస్తున్నది. ఇప్పుడు నేను ఒక్క క్షణం కిటికీ వైపు చూసినా "ఉన్నరా?" అని అడుగుతున్నది. ఉన్నాను అంటున్నాను.

29 డిసెంబరు, శుక్రవారం

పటం నిన్న సాయంత్రం కార్ఖానాకు వెళ్లింది. నిహారిక దాని బొమ్మ ఫోనులో పంపింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు ఒకదానిపై ఒకటి, వేలకొద్ది. ఒక మూల చిన్న గడికి బాణం వేసి "గిది నీ కంచె గడి తాతా. సూదులొక్కటే" అని రాసింది. ధనుర్మాసం కదా, అండాలు కండ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇంత ముగ్గు వెట్టి ఎవలకు కనవడకుండ జేసిండ్రు" అన్నది.

రాబోయే చిప్పుల కోసం తుడిచే గడిని ఎప్పుడు సవరించినా దానికి ముందుగా నా ఇరవై రెండు సెకండ్లను వినిపిస్తారట. తుడిచివేస్తే ఆ సవరణ తప్పు. ముట్టుకోకుంటే పాసు.

పదకొండవ తేదీ వాక్యాన్ని ఈ ఉదయం పూర్తి చేయబోయాను. కలం తీసి, మూత పెట్టేశాను. అది ఇప్పుడు వాక్యం కాదు, కొలత. దిద్దితే చెడుతుంది.

సాయంత్రం బీరన్న వచ్చాడు. పల్లి పీకడం మొదలైందట. రేపటి నుంచి కంచె విప్పేస్తాడట. నా తలకు ఇక సెలవే అన్నాడు. చాయ్ తాగాక, చాలా రోజులుగా గొంతులో ఉన్నది అడిగాను.

"ఆరో తరగతిలో ఏ పద్యం దగ్గర ఆగేవాడివి?"

పేరు చెప్పాడు. ముప్పయ్యయిదేండ్ల నాటిది.

"ఎక్కడ?"

"ఒక్కొక్కపారి ఒక్కొక్క కాడ సారూ. ఎక్వ మూడో పాదం కాడ."

"చెప్పు."

లేచి నిలబడబోయాడు. కూర్చొమ్మన్నాను. చేతులు కట్టుకున్నాడు. కట్టుకోవద్దనలేదు, అలవాటు ఆయనది.

"మొదటి సందా?"

"కాదు. ఆగిన చోటు నుంచి."

చేను వైపు తిరిగాడు. తరువాత మూడవ పాదం అందుకుని చివరి దాకా చెప్పాడు. నాలుగవ పాదంలో ఒక మాట తప్పు పోయింది. దిద్దలేదు.